పుండు లేని బిళ్ళ

ఆ తలుపు తెరుచుకుంటే నర్సు మేరీ తనను పేరు పెట్టి పిలుస్తుంది. పిలిస్తే లేచి వెళ్ళాలి. వెళ్తే తెర చాటున బల్ల మీద పడుకోబెడుతుంది. పడుకుంటే దొరికిపోతుంది. నాంచారమ్మ చూపు ఆ ఆకుపచ్చ తలుపు మీద నుంచి కదలడం లేదు. నరసరావుపేట ఆసుపత్రి వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు, ఎండ మెట్లెక్కి బెంచీల కాళ్ళ దాకా వచ్చేసింది, పక్కన మొగుడు చెన్నయ్య తలగుడ్డ విప్పి విసురుకుంటున్నాడు, ఎవరో దగ్గుతున్నారు, ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. అదంతా ఎక్కడో ఏటవతలి గట్టు మీద జరుగుతున్నట్టుంది ఆమెకు. దగ్గరగా ఉన్నది ఒక్కటే. కుడి గజ్జల్లో, చీర కుచ్చిళ్ళ కింద, ఉసిరికాయంత బిళ్ళ. చెన్నయ్యకు తెలియదు. ఇంటి దగ్గర అత్తకు తెలియదు. తలుపు అవతలున్న ఆనందరావు డాక్టరుకు ఇంకా తెలియదు. మద్రాసు పంపే ముందు ఒళ్ళంతా మరోసారి తడిమి చూడాలన్నాడు ఆయన. మెడలో తప్ప ఇంకెక్కడా బిళ్ళల్లేకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తాడు, అక్కడ మెడకు కరెంటు కిరణాలు పట్టిస్తారు, బతుకుతుంది. ఇంకెక్కడైనా ఉంటే? పోయినసారి ఆ మాట ఆయన సగంలో ఆపేశాడు. ఆపేసిన ఆ సగం మాటే అప్పట్నుంచీ ఆమె కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది.

"కాలు సలుపుతాందా?" అన్నాడు చెన్నయ్య.

"లేదులే."

"లేదంటావు, మొహం చూస్తే అట్టా లేదు. ఇంట్లో కూచోవే తల్లీ అంటే వినవు గదా. కంప కాడ నీకేం పనే అసలు?"

నాంచారమ్మ కుడిపాదానికి చుట్టిన గుడ్డను చూసుకుని కాలు బెంచీ కిందికి లాక్కుంది. కంప దగ్గర ఏం పని? చెబితే ఈ మనిషి ఏమైపోతాడు. చెప్పకూడదు. తలుపు ఇంకా తెరుచుకోలేదు. తెరుచుకోకుండా సాయంత్రమైపోతే బాగుండు, డాక్టరుకు ఇంకేదో పెద్ద పని పడితే బాగుండు, ఎక్కడో బస్సు బోల్తా పడి గాయాలవాళ్ళు బిలబిలమంటూ వస్తే... ఛీ, ఏం ఆలోచనలివి. పొద్దున వినుకొండలో ఎక్కిన బొగ్గు బస్సు బోల్తా అయితే పడలేదు గానీ, సంతమాగులూరు దాటాక ఆగిపోయింది. డ్రైవరు దిగి వెనకున్న పొయ్యిలో బొగ్గులు కుక్కుతూ తిట్టుకుంటుంటే అందరూ విసుక్కున్నారు, ఆమె ఒక్కతే మనసులో దండం పెట్టుకుంది. ఇది ఇక కదలకుండా చెయ్యి స్వామీ అని. కదిలింది. పొగలో దగ్గుకుంటూ, మూలుగుతూ, తీసుకొచ్చి సరిగ్గా ఇక్కడ పడేసింది.

బిళ్ళంటే భయపడే మనిషి కాదు తను. బిళ్ళ కట్టడమంటే ఏమిటో తెలియనిదెవరు? కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో కడుతుంది, చేతికి కొడవలి తెగితే చంకలో కడుతుంది, పన్ను పుచ్చితే దవడ కింద కడుతుంది. నొప్పి పుడుతుంది, జ్వరం తగుల్తుంది, పుండు మానగానే దిగిపోతుంది. ఇంత బతుకులో ఎన్ని కట్టలేదు, ఎన్ని దిగలేదు. ఈ మెడలోది మాత్రం వచ్చినట్టే తెలియలేదు. కూతురు బుజ్జమ్మ కనిపెట్టింది. పక్కలో పడుకుని మెడ చుట్టూ చెయ్యేసి "అమ్మా, ఇక్కడ గోలీకాయుంది" అంది, వేలితో అటూ ఇటూ దొర్లించింది. దొర్లింది. నొప్పి లేదు. పిల్ల కిలకిలా నవ్వింది, తనూ నవ్వింది. అవును, నవ్వింది, అదీ విడ్డూరం. మర్నాడు అత్త చూసి, "బిళ్ళకి తల్లుంటదే. యాడో ఒక పుండు ఉండి తీరాల. దాన్ని పట్టుకుంటే ఇది దిగుద్ది" అని చెప్పి, కోడల్ని వాకిట్లో ఎండకు కూచోబెట్టి వెతకడం మొదలుపెట్టింది. జుట్టు పాయలు పాయలుగా విడదీసి మాడంతా చూసింది. పేలున్నాయి గానీ కురుపుల్లేవు. చెవుల్లో చూసింది, చెవి వెనక చూసింది. ఏమీ లేకపోతే చివరకు నోరు తెరవమంది. వెనక దవడ పన్ను మీద చిన్న నల్ల గీత. "ఇదే ముండ!" అంది అత్త, దొంగను గొళ్ళెం దగ్గర పట్టుకున్నంత సంబరంగా. పళ్ళు పీకే ఆయన్ను పిలిచారు, చెన్నయ్య తల పట్టుకున్నాడు, ఆయన మోకాలు గుండెల మీద ఆనించి లాగాడు. పన్ను చేతికొచ్చింది. వేరు చివరి దాకా తెల్లగా ఉంది, ఎక్కడా పుచ్చు లేదు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని పక్కదేమో" అంది. అప్పుడేసింది మొదటిసారి భయం. నోటినిండా రక్తంతో, చెంబు ముందు వొంగి ఉమ్ముతూ, తల్లి లేకుండా పుట్టిన బిళ్ళ ఇది అనుకుంది.

"నీకేందమ్మా జబ్బు?" బెంచీ చివర కంటికి గుడ్డ కట్టుకుని కూచున్నావిడ ఇటు జరిగింది. అబిదా అట పేరు, రొంపిచర్ల నుంచి వచ్చిందట. అడగకుండానే చెప్పేసింది. ఆమె చెప్పినవన్నీ నాంచారమ్మకు సగం సగం వినబడ్డాయి.

"మెడలో బిళ్ళ" అన్నాడు చెన్నయ్య, భార్య పలక్కపోతే.

"ఓస్, బిళ్ళేనా! మొహం చూసి కడుపు కోస్తారేమో అనుకున్నా. పసుపూ సున్నం పట్టించకపోయారా?"

"అన్నీ అయినయ్యి అక్కా. ఇది ఆ రకం కాదంట. దీనికో ఇంగ్లీషు పేరుంది, మన నోరు తిరగదు. మేం దొర అంటాం."

"దొరా?"

"దీన్ని కనిపెట్టింది ఒక దొరంటలే. దొరలందరూ మూటాముల్లే సర్దుకుంటన్నారంటగా ఇప్పుడు. అందరూ పొయ్యాక ఈడొక్కడుంటాడా?"

అబిదా నవ్వింది. చెన్నయ్యా నవ్వాడు గానీ ఆ నవ్వు గొంతు దాటి కిందికి దిగలేదు. ఈ మాట ఇంట్లో, అరుగు మీద, బస్సులో, ఎన్ని చోట్ల అన్నాడో. ఎవరు నవ్వినా ఓరకంట తన వైపే చూస్తాడు, ఇది నవ్విందా లేదా అని. నవ్వాలి. నాంచారమ్మ పెదవులు కదిపింది. నువ్వు ఎగతాళి చేసే దొర మెడ దగ్గర ఆగలేదయ్యా. నడిచొచ్చేశాడు. ఇల్లిల్లూ తిరిగి కింది దాకా వచ్చేశాడు.

అలా నడుస్తాడని చెప్పింది డాక్టరే. పోయినసారి, మద్రాసు నుంచి జవాబు వచ్చిన రోజు. అంతకుముందు మెడకు సూది మందిచ్చి, అప్పటికి వరసగా లేచిన బిళ్ళల్లో ఒకటి కోసి తీశాడు, సీసాలో వేసి మద్రాసు పంపాడు, వాళ్ళు దాన్ని పల్చగా తరిగి అద్దం కింద పెట్టి చూశారట. ఆనందరావు డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని, కోపంలేని గొంతుతో, పంతులు పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఒంట్లో రక్తం పారే కాలవలున్నట్టే తెల్లనీరు పారే సన్న కాలవలు వేరే ఉన్నాయట. వాటి దారిలో మెడలో, చంకల్లో, గుండెల్లో, కడుపులో, గజ్జల్లో గుంపులు గుంపులుగా బిళ్ళలుంటాయట, పొలిమేర కాపలావాళ్ళలాగా. పుండులోంచి వచ్చే విషాన్ని ఆపడానికి అవి ఉబ్బుతాయి, ఆపాక తగ్గుతాయి. "నీ మెడలో కాపలావాడే దొంగయ్యాడమ్మా. దీన్నే మనవాళ్ళు రాచపుండు అంటారు." పుండే లేదు గదయ్యా, రాచపుండేంది, అన్నాడు చెన్నయ్య. పైకి కనిపించే పుండుతో పనిలేదు దీనికి, అన్నాడు డాక్టరు. బిళ్ళల్లోనే పుడుతుంది, అక్కడే పెరుగుతుంది. అందులోనూ అన్నీ ఒక్క రకం కావు. ఒక రకం ఉంది, అద్దం కింద చూస్తే చిన్నచిన్న కణాలు సందులేకుండా కిక్కిరిసి ఉంటాయి. దానికి వరస లేదు, వావి లేదు, ఇవాళ మెడలో ఉంటే రేపు కడుపులో ఉంటుంది, చూస్తూ చూస్తూ మనిషిని ఎత్తుకుపోతుంది. ఇంకొకటి బిళ్ళల్లో ఆగకుండా నెత్తురంతా కలిసిపోతుంది, దాన్ని ఎక్కడని కోస్తాం, ఎక్కడని కాలుస్తాం. "నీది ఆ రెండూ కాదు. హాడ్జికిన్ అనే ఆయన కనిపెట్టిన రకం. ఇందులో పెద్ద పెద్ద కణాలుంటాయి, ఒక్కోదానికి రెండు కళ్ళున్నట్టు, గుడ్లగూబ చూస్తున్నట్టు. ఉన్నవాటిలో ఇదే కాస్త నయం. ఎందుకంటే దుమకదు. వరసలో నడుస్తుంది. ఒక గుంపు నుంచి పక్క గుంపుకి, అక్కణ్ణించి ఆ పక్కకి. మెడలోనే ఉండగా పట్టుకుంటే కిరణాలతో అణచొచ్చు. ఏళ్ళ తరబడి బాగున్నవాళ్ళున్నారు. కానీ అది మెడ దాటి, గుండెలు దాటి, కడుపు కిందికి గనక దిగితే..." అక్కడ ఆపాడు. చెన్నయ్య మొహం చూసి ఆపాడు. "నీకింకెక్కడా లేవుగా, ఆ గొడవెందుకు" అన్నాడు. అప్పటికి నిజంగానే లేవు. దేవుడి సాక్షిగా లేవు.

గుడ్లగూబ. ఆ మాట అనకుండా ఉండాల్సింది ఆయన. ఆ రోజు నుంచి కళ్ళు మూసుకుంటే చాలు, తన లోపల చీకట్లో జంట కళ్ళు. మెడలో రెండు, చంకలో రెండు, తెరిచి చూస్తూ, రెప్ప వెయ్యకుండా. పిల్లకు జడ వేస్తుంటే చూస్తున్నాయి, పొయ్యి ఊదుతుంటే చూస్తున్నాయి. నీళ్ళు పోసుకుంటూ ఉంది ఆ రోజు, దడి చాటున, సున్నిపిండి రుద్దుకుంటూ, మద్రాసెళ్తే ఎవరు వండిపెడతారు వీళ్ళకి అనుకుంటూ ఉంది. చెయ్యి కుడి గజ్జ మీదికి పోయింది. ఆగింది. చేతిలో చెంబు ఎప్పుడు జారిపోయిందో. మళ్ళీ చూసింది. ఉంది. గుండ్రంగా, గట్టిగా, రబ్బరులా. నొక్కింది. నొప్పి లేదు. ఇంకా గట్టిగా నొక్కింది, నొప్పి పుట్టవే ముండా అని పళ్ళు కొరుకుతూ నొక్కింది. లేదు. గజ్జల్లో బిళ్ళకి కాళ్ళల్లో ఉండాలి తల్లి. తడి ఒంటితోనే కూలబడి పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళ సందుల్లో చూసింది, మడమలు చూసింది, గోళ్ళ వారలు చూసింది. ఒక్క గీత లేదు. ఈడొచ్చింది మొదలు పొలంలో మెట్టా చెలకా తొక్కిన కాళ్ళు, ఎప్పుడూ ఏదో ఒక ముల్లో, పగులో, దోక్కుపోయిన తోలో లేకుండా ఉండని కాళ్ళు! జబ్బు మనిషివి ఇల్లు కదలొద్దని అత్త కూచోబెట్టింది కదా ఇన్నాళ్ళూ. పనిలేక మానిపోయాయి. పెళ్ళికూతురి కాళ్ళలా నున్నగా తయారయ్యాయి. అంత అందమైన కాళ్ళను చూసి అంతగా వణికిన మనిషి ఇంకొకతె ఉండదు.

అప్పుడు చేసింది ఆ పని. ఆలోచించి చేసిందా? లేదు. చీర చుట్టుకుని తిన్నగా దొడ్డి వెనక కంప దగ్గరికి వెళ్ళింది, తుమ్మకొమ్మ విరిచింది, వాటిల్లో పొడుగాటి ముల్లు ఒకటి ఏరింది. గోడకానుకుని కుడిపాదం ఎత్తి, మడమ ముందు మెత్తటి చోట, కళ్ళు మూసుకుని, దించింది. నొప్పి. ఎంత హాయైన నొప్పి! మొదలంటా దించి, పైన పుల్ల విరిచేసింది. ఆ కాలితోనే గొడ్ల చావిట్లో పేడా నీళ్ళూ తొక్కింది, తెల్లారి మళ్ళీ తొక్కింది. కాలు వాచింది, చీము పట్టింది, జ్వరం తగిలింది. గజ్జల్లో బిళ్ళ కూడా పెరిగింది, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పుట్టింది. చెన్నయ్య పిన్నీసుతో ముల్లు తీస్తుంటే "అమ్మా" అని అరుస్తూనే లోపల పొంగిపోయింది. ఇదిగో తల్లి. ఇదిగో పుండు. ఇక దీన్ని ఎవరూ ఏమీ అనలేరు. ఆ పూట కడుపునిండా తింది కూడాను. కానీ ముల్లు ఎప్పుడు దిగిందో ఒంటికి తెలుసు గదా. మనిషిని ఏమార్చొచ్చు, డాక్టరుని ఏమార్చొచ్చు, లోపల రెప్ప వెయ్యకుండా కూచున్నదాన్ని ఎట్లా ఏమార్చడం? ఒకవేళ ముందు తాకింది కూడా మామూలు బిళ్ళేనేమో, కనపడని చిన్న గీత ఏదో ఉండే ఉంటుందేమో, తను సరిగ్గా చూసుకోలేదేమో, దడి చాటున వెలుగు తక్కువ కదా. ఉండే ఉంటుంది. ఉండి తీరాలి.

"నాంచారమ్మా!"

తలుపు తెరిచి ఉంది. మేరీ నిలబడి ఉంది. చెన్నయ్య రెక్క పట్టుకుని లేపి, తెర దాకా నడిపించి, ఇవతలే నిలబడిపోయాడు. బల్ల మీద పరిచిన రబ్బరుగుడ్డ చల్లగా తగిలింది. మేరీ చేతులు మెడ మీదికొచ్చాయి, పాత కోత మచ్చ పక్కన తడిమాయి, చంకల్లోకి వెళ్ళాయి, "ఊపిరి బిగబట్టకు" అంది, పొట్ట మీద అరచెయ్యి పెట్టి లోతుగా నొక్కింది, ఎడమ గజ్జ చూసింది. చెయ్యి ఇటు తిరిగింది. నాంచారమ్మ కెవ్వుమంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"డాక్టరుగారూ, కుడి గజ్జల్లో ఉందండీ."

తెర అవతల కలం కిందపెట్టిన చప్పుడు.

"నొప్పి ఉందా?"

"బాగా ఉందండీ, ముట్టుకోనివ్వడం లేదు. కాలికి కట్టుంది. ఉండండి... ముల్లు పుండండీ. చీము పట్టింది."

ఆనందరావు డాక్టరు తెర జరుపుకుని వచ్చాడు. పాదం చూశాడు. ఆయన నుదుటి మీద గీతలు సర్దుకోవడం నాంచారమ్మ చూసింది. గెలిచినట్టే ఉంది. ఒళ్ళంతా ఒక్కసారి వదులైపోయింది.

"ఎప్పుడు దిగింది ముల్లు?"

"పోయిన సంతనాడు అయ్యగారూ, కంప కాడ" అన్నాడు చెన్నయ్య తెర బయట నుంచి. "చెప్పినమాట వినదండీ."

"బిళ్ళ ఆ తర్వాత కట్టిందేగా అమ్మా?"

తల ఊపింది. అంతే. ఒక్కసారి ఊపితే సరిపోయింది. ఇంత తేలికా! డాక్టరు నిట్టూర్చి నవ్వాడు. పుండు వల్ల కట్టిందే అయ్యుంటుంది, కంగారు లేదన్నాడు. కట్టు కట్టించుకుంటూ ఉండమన్నాడు, కాలు మానాక నెల తర్వాత వస్తే అప్పుడు చూసి, ఇది దిగిపోయుంటే మెడకు మాత్రమే కిరణాలు పట్టమని రాస్తానన్నాడు. మద్రాసులో మంచం ఖాళీగా ఉందట. ఈ కాలితో ఎలా వెళ్తారు, ఇంకొకరికి ఇచ్చేసుకోమని వాళ్ళకు తెలియజేస్తానన్నాడు. తెర బయట చెన్నయ్య నవ్వాడు. నిజంగా నవ్వాడు, పిల్ల పుట్టిన రోజు నవ్వినట్టు. "నేను చెప్పలా? ఆడు మెడ దాటడని చెప్పలా?" అంటున్నాడు, ఎవరితోనో, గోడతోనో.

నాంచారమ్మ లేచి కూచుని కుచ్చిళ్ళు దోపుకుంటోంది. నెల. నెలంతా ఇంట్లో. అత్త పథ్యం వండుతుంది, చెన్నయ్య దొర గురించి జోకులేస్తాడు, పుండు మానుతుంది. మానక చస్తుందా, తను చేసిన పుండే కదా. పుండు మానాక గజ్జల్లో వాపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, తగ్గి తగ్గి చివరకు ముందు ఉన్నంత మిగుల్తుంది, రేగుపండంత, నొప్పి లేకుండా. అప్పుడు దానికి ఏం సాకు చెబుతుంది? ఇంకో ముల్లా? ఆ తర్వాత ఇంకోటా? ఆ నెలంతా అది ఎక్కడెక్కడికి నడుస్తుంది? ఇల్లంతా నిద్రపోతూ ఉంటే, ఊరంతా నవ్వుతూ ఉంటే, దాని అడుగుల చప్పుడు తనొక్కతే వింటూ కూచోవాలి. చెప్పడానికి మనిషి ఉండడు, ఏడిస్తే ఎందుకని అడుగుతారు. ఈ గంటసేపు పడ్డ భయం భయం కాదు. అసలైనది ఇప్పుడు కనబడింది, ఇంత పొడుగున, నెల పొడుగున. డాక్టరు చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాడు.

"అయ్యగారూ."

కుచ్చిళ్ళు వదిలేసి బల్ల అంచు పట్టుకుంది.

"బిళ్ళే ముందండీ. బిళ్ళ కట్టింది, అప్పుడు నొప్పి లేదు. కాళ్ళు చూసుకున్నా, ఏ పుండూ లేదు. ముల్లు తర్వాత." కట్టున్న పాదం కేసి చూపించింది. "దానంతట అది దిగలా. నేనే దించుకున్నా."

నీళ్ళ చప్పుడు ఆగింది. మేరీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తెర కింద చెన్నయ్య కాళ్ళు కనబడుతున్నాయి, రెండూ ఒక్క అడుగు వెనక్కి వేశాయి, మళ్ళీ ముందుకొచ్చాయి.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. "ఎందుకమ్మా?" అని కూడా అనలేదు. వెళ్ళి కుర్చీలో కూచుని రాసిన కాగితం చింపేశాడు. "ఇక నెల కాదు, వారం కూడా ఆగడానికి లేదు. మెడకీ, కిందకీ, మధ్యలో ఎక్కడెక్కడ ఉంటే అక్కడికీ చూసి పట్టమని రాస్తాను. పూర్తిగా పోతుందని నేను చెప్పను చెన్నయ్యా. అక్కడ చూసినవాళ్ళు చెప్పాలి. కానీ మెడకి ఒక్కదానికే పట్టించి పంపేస్తే మాత్రం మనం చేసిందంతా వృథా అయ్యేది. మేరీ, కాలు శుభ్రం చేసి గట్టిగా కట్టు కట్టు. సాయంత్రం బండికి గుంటూరు, అక్కణ్ణించి తెనాలి వెళ్ళి మద్రాసు మెయిలెక్కండి. రేపటికల్లా అక్కడ ఉంటే ఆ మంచం మీకే."

"ఇయ్యాలేనా?" అంది నాంచారమ్మ. "ఇంటికెళ్ళి, పిల్లని ఒక్కసారి..."

వినుకొండ వెళ్ళి మళ్ళీ రావడమంటే ఈ పూట బండి పోయినట్టే.

వరండా చివర, జనం లేని చోట, చెన్నయ్య ఆమెను మెట్టు మీద కూచోబెట్టి తను కింద కూచున్నాడు. కొత్త కట్టు కట్టిన పాదం చేతుల్లోకి తీసుకున్నాడు. తిడతాడని చూసింది. కొట్టినా బాగుండేది. బొటనవేలితో కట్టు అంచు సర్దుతున్నాడు, సర్దిందే సర్దుతున్నాడు.

"చానా నొప్పి పుట్టిందా?" అన్నాడు చివరికి.

"ఊఁ."

"పిల్లని మా అమ్మ చూసుకుంటది. బస్సు డ్రైవరుతో కబురు పెడతా. మనం వచ్చినాక చూద్దువులే."

వచ్చినాక. ఆ మాట నమ్మి అన్నాడా, ఊరికే అన్నాడా అని మొహంలోకి వెతికింది. అతను తల ఎత్తలేదు.

"నాకు భయమేస్తాందయ్యా" అంది. మెడలో బిళ్ళ కట్టిన నాటి నుంచీ ఏ రోజూ బయటికి అనని మాట.

చెన్నయ్య పాదాన్ని వదల్లేదు. "నాకూ ఏస్తాందే" అన్నాడు. "లే. స్టేషను దూరం. నడవలేకపోతే చెప్పు."